చిట్టానా, పట్టికా, టైమరా: మీ రోజుకు ఏది నప్పుతుంది?

టైం చాలడం లేదంటే చాలు, సలహాలు వచ్చి పడతాయి. ఒకరు తెల్లవారుజామున నాలుగింటికి లేవమంటారు. ఒకరు ఫోన్ పక్కన పడేయమంటారు. ఇంకొకరు ఆ ఫోన్‌లోనే ఒక యాప్ వేసుకోమంటారు. నిజానికి వీటిలో పనికిమాలిన సలహాలు తక్కువే. చిక్కల్లా ఒకరి రోజుకు కుదిరినదాన్ని ఇంకొకరు తెచ్చి తగిలించుకోవడంలో ఉంది. మన విశాఖపట్నమే తీసుకోండి. రుషికొండలో ఐటీ ఉద్యోగం చేసే అమ్మాయికి బాగా పనికొచ్చిన పద్ధతి, స్టీల్ ప్లాంట్‌లో సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి కూర్మన్నపాలెంలో ఇంటికి చేరే ఆయనకు అక్కరకు రాదు. ఎంవీపీ కాలనీలో ఇద్దరు పిల్లల్ని, మంచం మీదున్న అత్తగారిని చూసుకునే ఆవిడకు ఆయన పద్ధతీ కుదరదు, ఆ అమ్మాయి పద్ధతీ కుదరదు.

జనం ఎక్కువగా వాడే ఆరు పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. అన్నీ మంచివే అని తప్పించుకోను. ఏది ఎవరికి దండగో కూడా చెబుతాను.

## ముందు తేల్చుకోవాల్సిన నాలుగు సంగతులు

మీ టైం ఎవరి చేతిలో ఉంది? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. సొంత ప్రాక్టీసున్న ఆడిటర్, ఇంటి నుంచి పని చేసే డిజైనర్ తమ రోజులో చాలా భాగం తామే నిర్ణయించుకుంటారు. గాజువాకలో కిరాణా కొట్టు నడిపే ఆయన రోజంతా తన కొట్లోనే కూర్చుంటాడు, టైం మాత్రం వచ్చే బేరాలది. స్టీల్ ప్లాంట్ ఉద్యోగికి ఎనిమిది గంటలు ప్లాంటువి, మిగతావి తనవే. కాకపోతే షిఫ్టు మారినప్పుడల్లా ఆ మిగతా గంటలు కూడా చోటు మారతాయి.

పని మధ్యలో ఎన్నిసార్లు లేవాలి? పది నిమిషాలకోసారి ఎవరో పిలిచే ఇంట్లో 25 నిమిషాలు కదలకుండా కూర్చోమని చెప్పడం వేళాకోళం.

తక్కువైంది టైమా, ఓపికా? దీన్ని చాలామంది చూసుకోరు. సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరి పదకొండు దాకా మెలకువగా ఉండే మనిషికి చేతిలో నాలుగు గంటలున్నట్టే. అవి ఫోన్ చూస్తూ గడిచిపోతున్నాయంటే టైం లేక కాదు, ఒంట్లో సత్తువ లేక. అలాంటివాళ్లకు కొత్త పట్టిక గీసిస్తే ఇంకో టెన్షన్ తోడవుతుంది, అంతే. నిద్ర, ప్రయాణం సర్దుకున్నాకే పద్ధతుల జోలికి రావాలి.

తప్పిన మర్నాడు ఏమవుతుంది? పెళ్లో, జ్వరమో, చుట్టాలో వస్తే ఏ పద్ధతైనా తప్పుతుంది. మర్నాడు మళ్లీ పట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలేదైతే అది నిలుస్తుంది. ఆదివారమంతా కూర్చుని మళ్లీ గీసుకోవాల్సినదైతే నెల తిరక్కుండానే అటకెక్కుతుంది.

## ఒక్క చూపులో

| పద్ధతి | రోజూ పట్టే శ్రమ | అంతరాయాలను తట్టుకుంటుందా | తప్పితే మళ్లీ పట్టుకోవడం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| ఆరు పనుల చిట్టా | ఐదు నిమిషాలు, రాత్రిపూట | బాగానే | చాలా సులువు | దాదాపు అందరికీ |
| గంటల పట్టిక | పావుగంట, మధ్యలో సర్దుబాట్లు | తట్టుకోదు | కష్టం | తమ టైం తమ చేతిలో ఉన్నవాళ్లకు |
| పాతిక నిమిషాల టైమర్ | ఏమీ లేదు | అస్సలు తట్టుకోదు | సులువు | చదువుకునేవాళ్లకు, పని వాయిదా వేసేవాళ్లకు |
| నాలుగు గదులు | వారానికి అరగంట | సంబంధం లేదు | సులువు | నెత్తిన మరీ ఎక్కువ పనులున్నవాళ్లకు |
| పనుల్ని గుంపుగా చేయడం | వారానికి పది నిమిషాలు | పర్వాలేదు | సులువు | ఇల్లు నడిపేవాళ్లకు, బయట తిరిగేవాళ్లకు |
| పనికి పని తగిలించడం | మొదట్లో కొంచెం, తర్వాత సున్నా | బాగా | చాలా సులువు | షిఫ్టు ఉద్యోగులకు, చిన్న చిన్న పనులకు |

పట్టికలో పట్టని సంగతులు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

## ఆరు పనుల చిట్టా

వీటిలో నేను ఎవరికైనా ముందు చెప్పేది ఇదే. 1918 ప్రాంతంలో అమెరికాలో బెత్లెహెమ్ స్టీల్ అధిపతి చార్ల్స్ ష్వాబ్‌కు ఐవీ లీ అనే సలహాదారు ఈ పద్ధతి చెప్పాడట. మూడు నెలలు వాడి చూసి, తోచినంత ఇవ్వమన్నాడట. ష్వాబ్ 25,000 డాలర్లకు చెక్కు రాసి పంపాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెక్కు కథలో మసాలా ఎంతో గానీ, పద్ధతిలో మాత్రం మసాలా ఏమీ లేదు. రాత్రి పడుకునే ముందు మర్నాటి పనులు ఆరు రాయాలి, ఏడోది రాయకూడదు. ముఖ్యమైనదాన్ని పైన పెట్టాలి. పొద్దున మొదటిది ఎత్తుకుని, అది అయ్యాకే రెండోదానికి వెళ్లాలి. మిగిలినవి మర్నాటి ఆరులో కలుస్తాయి.

దీని బలమంతా రాత్రి రాయడంలో ఉంది. పొద్దున్నే కాఫీ తాగుతూ 'ఇవాళ ఏం చేయాలబ్బా' అనుకునేసరికి వాట్సాప్ మోగుతుంది, ఆ రోజు ఏం చేయాలో ఇంకెవరో తేల్చేస్తారు. రాత్రే తేల్చుకుంటే ఆ గండం తప్పుతుంది.

అయితే చిట్టా ఎలా రాస్తున్నామన్నది చాలా ముఖ్యం. సాధారణంగా ఇళ్లలో కనిపించే చిట్టా ఇలా ఉంటుంది:

- బండి
- అమ్మ మాత్రలు
- ఇంటి పన్ను
- పెద్దాడి స్కూలు
- బ్యాంకు
- గదిలో ఫ్యాను

ఇవి పనులు కావు, గుర్తులు. 'బండి' అని రాసుకున్న మనిషి మర్నాడు దాన్ని చూసి మళ్లీ ఆలోచించాలి: సర్వీసింగా, ఇన్సూరెన్సా, పంక్చరా? అదే చిట్టా ఇలా రాస్తే వేరుగా నడుస్తుంది:

- షోరూముకు ఫోన్ చేసి శనివారం సర్వీసింగ్‌కు టైం తీసుకోవాలి
- అమ్మ బీపీ మాత్రలు నెలకు సరిపడా, ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు తేవాలి
- ఇంటి పన్ను ఆన్‌లైన్‌లో కట్టి రసీదు దాచాలి
- పెద్దాడి టీచర్‌కు రెండు లైన్ల మెసేజ్ పెట్టాలి
- బ్యాంకులో పాస్‌బుక్ ప్రింటింగ్, లాకర్ అద్దె, రెండూ ఒకేసారి ముగించాలి
- ఫ్యాను కెపాసిటర్ మార్చడానికి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి

ప్రతి లైనులో ఒక క్రియ ఉండాలి. చేతులు ఏం చేయాలో అది చెప్పాలి. ఈ ఒక్క మార్పుతో సగం వాయిదాలు పోతాయి.

లోటు లేకపోలేదు. 'మొదటిది అయ్యేదాకా రెండోది ముట్టుకోవద్దు' అన్న నియమం ఆఫీసు గదిలో కూర్చునే పెద్దమనిషికి సరిపోతుంది. షోరూములో ఫోన్ ఎత్తకపోతే మనం చేతులు కట్టుకుని కూర్చోలేం కదా. అలాంటప్పుడు చుక్క పెట్టి కిందికి దిగండి, గంట తర్వాత మళ్లీ పైకి రండి. ఇంట్లో పసిపిల్లలుంటే ఆరు కూడా ఎక్కువే, మూడు చాలు.

## గంటల పట్టిక

రోజును ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో పని రాసిపెట్టుకోవడం. తొమ్మిది నుంచి పదకొండు రిపోర్టు, పదకొండు నుంచి పదకొండున్నర ఫోన్లు, ఇలా. బ్రిటిష్ రచయిత నార్త్‌కోట్ పార్కిన్సన్ 1955లో ఒక వ్యాసంలో వేళాకోళంగా అన్న మాట ఇక్కడ పనికొస్తుంది: ఎంత టైం ఇస్తే పని అంతకీ సాగుతుంది. గంటకు హద్దు గీస్తే ఆ సాగుడు ఆగుతుంది.

రుషికొండ, మధురవాడ వైపు ఐటీ ఉద్యోగులకు దీనితో ఒక పెద్ద లాభం ఉంది. ఆఫీసు క్యాలెండర్‌లో ఖాళీ కనబడితే ఎవరో ఒకరు మీటింగ్ పెట్టేస్తారు. మీ సొంత పనికి మీరే ముందుగా ఒక ముక్క పట్టేసుకుంటే ఆ గంటలు దక్కుతాయి. అమెరికా టీములతో రాత్రి కాల్స్ ఉండేవాళ్లు సాయంత్రం ఒక గంటను కూడా ఇలాగే కాపాడుకోవాలి. లేకపోతే పగలూ పోతుంది, రాత్రీ పోతుంది.

పట్టికను పాడుచేసేది ప్రయాణం. డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ఒక మాట చెప్పారు: ఒక పనికి ఎంత టైం పడుతుందో లెక్కేసేటప్పుడు మనిషి తన పాత అనుభవాన్ని పక్కన పెట్టి, అంతా సవ్యంగా జరిగే రోజునే ఊహించుకుంటాడని. విశాఖలో దీనికి రుజువు రోజూ ఫోన్లలో వినబడుతుంది. "ఏటండీ, ఎక్కడున్నారు?" "ఎన్ఏడీ దాటేశాను, ఐదు నిమిషాల్లో ఉంటా." ఎన్ఏడీ కాడ ఫ్లైఓవర్ వచ్చాక ఆ జంక్షన్ తేలికైంది, నిజమే. మరి కంచరపాలెం, తాటిచెట్లపాలెం, మద్దిలపాలెం, హనుమంతవాక ఎవరు దాటతారు? గాజువాక నుంచి మధురవాడకు పాతిక కిలోమీటర్లు ఉంటుంది, అంతా హైవే మీదే. పోర్టు లారీలు, స్కూలు బస్సులు, షిఫ్టు బస్సులు అన్నీ ఆ దారినే. పట్టిక గీసేవాళ్లు బాగా తొందరగా వెళ్లిన రోజు టైం కాకుండా, మామూలు సోమవారం పొద్దున పట్టే టైం రాసుకోవాలి. ప్రతి మూడు గంటలకూ అరగంట ఖాళీ వదలాలి. ఖాళీ లేని పట్టిక మధ్యాహ్నానికే చిరిగిపోతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. రాహుకాలం చూసుకునే ఇళ్లలో గంటల పట్టిక ఎప్పటి నుంచో ఉంది. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు, ఆ గంటన్నరలో కొత్త పని మొదలుపెట్టరు, చేతిలో ఉన్నది ముగిస్తారు. నమ్మకం ఉన్నా లేకపోయినా, రోజుకు గంటన్నర కొత్త పనికి తలుపు మూసేయడం మాత్రం మంచి ఏర్పాటు.

కొట్టు నడిపేవాళ్లు, చిన్నపిల్లల తల్లులు, ఆసుపత్రి ఉద్యోగులు గంటల పట్టిక జోలికి పోవద్దు. అది వాళ్లకు రోజూ ఓడిపోయిన భావం మిగులుస్తుంది తప్ప ఇంకేమీ ఇవ్వదు.

## పాతిక నిమిషాల టైమర్

ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి 1980ల చివర్లో చదువు మీద మనసు నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారం టైమర్ పెట్టుకుని మొదలెట్టిన పద్ధతి ఇది. ఇటలీ భాషలో టమాటాను పొమొడోరో అంటారు, అందుకే దీనికి ఆ పేరు. 25 నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం. నాలుగు విడతలయ్యాక పావుగంట నుంచి అరగంట దాకా పెద్ద విరామం.

ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలోనో, యూనివర్సిటీ హాస్టల్లోనో గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో కూర్చునే పిల్లలకు ఇది బంగారం. కారణం పాతిక నిమిషాలలో గొప్పేదో ఉండటం కాదు. 'ఇవాళ పాలిటీ మొత్తం చదవాలి' అంటే గుండె జారుతుంది, 'పాతిక నిమిషాలు చదువు' అంటే జారదు. మొదలుపెట్టడమే కష్టమైన ఏ పనికైనా ఇది మందు. ఆదాయపు పన్ను కాగితాలు సర్దడం, అల్మరా ఖాళీ చేయడం, థీసిస్ రెండో అధ్యాయం అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

లెక్కలు చేసేవాళ్లు, ప్రోగ్రాం రాసేవాళ్లు మాత్రం 50 నిమిషాలు, పది నిమిషాల విరామం పెట్టుకోవడం మేలు. చిక్కుముడి విడే సమయానికి గంట మోగితే చిరాకొస్తుంది. ఇంకొకటి, టైమర్ ఫోన్‌లో పెట్టకండి. టైం ఎంతయిందో చూద్దామని ఫోన్ తీసిన చెయ్యి దాన్ని పావుగంట దాకా వదలదు. పాతకాలం అలారం టైంపీసు చాలు.

## నాలుగు గదులు

కాగితం మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. ఒక గదిలో అర్జెంటూ ముఖ్యమూ, రెండోదానిలో ముఖ్యమే గానీ అర్జెంటు కానివి, మూడోదానిలో అర్జెంటే గానీ ముఖ్యం కానివి, నాలుగోదానిలో ఏదీ కానివి. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరుతో ఇది చలామణీ అవుతుంది. 1954లో ఒక ప్రసంగంలో ఆయన అర్జెంటు సమస్యలు వేరు, ముఖ్యమైనవి వేరు అన్న మాటను ఒక కాలేజీ మాజీ అధ్యక్షుడు అన్నదిగా చెప్పారు. గదుల బొమ్మ తర్వాతివాళ్లు గీసింది.

రోజువారీ వాడకానికి ఇది పనికిరాదని నా అభిప్రాయం. రోజూ గదుల్లో పెడుతూ కూర్చుంటే పెట్టడమే పనైపోతుంది. వారానికో నెలకో ఒకసారి గీసి, రెండో గదిని మాత్రం తీరిగ్గా చూడండి. షుగర్ టెస్టు, ఇంటి కాగితాల్లో పేరు మార్పిడి, నామినీ వివరాలు, పొద్దున నడక అన్నీ అక్కడే పడి ఉంటాయి, ఏళ్ల తరబడి. ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బళ్లు ఆపేసి, నడిచేవాళ్లకు దారి వదిలేస్తారు. ఊరు అంత సదుపాయం ఇచ్చినా నడక రెండో గది దాటి రాదు, ఎందుకంటే ఇవాళ నడవకపోతే ఎవరూ ఫోన్ చేసి అడగరు. ఆ గదిలోంచి వారానికి ఒక్కటి తీసి ఆరు పనుల చిట్టాలో పైన పెట్టండి. ఈ పద్ధతితో అంతకు మించి పని లేదు.

## పనుల్ని గుంపుగా చేయడం

ఈ ఊరికి అతికినట్టు సరిపోయే పద్ధతి. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు, మధ్యలో పొడుగ్గా సాగిన ఊరు మనది. ఏ పనికి వెళ్లినా ఆ పొడుగే దాటాలి. కాబట్టి పనుల్ని రకాన్ని బట్టి కాకుండా దిక్కును బట్టి గుంపు చేసుకోవడం ఇక్కడ ఎక్కువ లాభం.

ఒక కాగితం మీద మూడు వరుసలు గీయండి: గాజువాక వైపు, ఊరి మధ్యన ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు, మధురవాడ వైపు. వారంలో ఏ పని గుర్తొచ్చినా దాని దిక్కున రాయండి. ద్వారకానగర్‌లో బ్యాంకు, పిల్లాడి కోచింగ్ ఫీజు, పుస్తకాలు, పక్కనే రామ్‌నగర్‌లో డాక్టరు, ఇవన్నీ కాంప్లెక్స్ వరుసలోకి వస్తాయి. నాలుగు పోగయ్యాక ఒక్కసారి వెళ్లండి. ఎన్ఏడీ అవతల ఉండేవాళ్లకు దీనివల్ల వారంలో ఒక పూట సులువుగా మిగులుతుంది.

మార్కెట్టు కూడా అంతే. రైతుబజార్లు 1999లో మొదలయ్యాయి. ఎంవీపీ, సీతమ్మధార, కంచరపాలెం, ఎవరికి దగ్గర్లో ఉన్నది వాళ్లకుంది. ఆదివారం పొద్దున ఎనిమిది తర్వాత అక్కడ కాలు పెట్టడం కష్టం. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే ధరల బోర్డు చూసుకుంటూ అరగంటలో బయటపడొచ్చు. వారానికి రెండుసార్లు చాలు. మొదటిసారి దుంపలు, ఉల్లి, వంకాయ, బీర లాంటివి నిలవకొద్దీ, రెండోసారి ఆకుకూరలు. ఆకుకూరల్ని కొన్న రోజే ఏరి పెట్టాలి, లేకపోతే ఫ్రిజ్‌లో కుళ్లబెట్టడానికి కొన్నట్టే.

వంటింట్లో గుంపు చేయడానికి ఒక హద్దుంది. ఇడ్లీ పిండి మూడు రోజులకు రుబ్బుకోవచ్చు, అయితే మన ఉక్కపోతలో బయట ఒక్క రాత్రికే పొంగుతుంది. పొంగిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టకపోతే రెండో రోజుకే పులుపు. అల్లం వెల్లుల్లి ముద్ద, చింతపండు గుజ్జు, వేయించిన పోపు పొడులు వారానికి చేసిపెట్టుకోవచ్చు. చేపలు మాత్రం ఏ పద్ధతికీ లొంగవు. తాజాగా తెచ్చుకుని ఆ పూటే వండుకోవాలి.

ఫోన్ మెసేజులకు ఇదే సూత్రం. అపార్ట్‌మెంట్ గ్రూపు, స్కూలు గ్రూపు, బంధువుల గ్రూపు, వీటిని మ్యూట్ చేసి మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి చూస్తే కొంప మునగదు. నిజంగా అర్జెంటయితే ఎవరైనా ఫోనే చేస్తారు.

లోటేమిటంటే, నాలుగు పనుల చుట్టు ఒకటి తప్పితే నాలుగూ తప్పుతాయి. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లే పని ఉంటే గుంపు చేయొద్దు. వాళ్లకు ఒక్క పని చాలు, మనకు తొందర ఉండకూడదు.

## పనికి పని తగిలించడం

కొత్త పనికి గడియారం టైం పెట్టకుండా, ఎలాగూ జరిగే ఒక పని వెనకాల దాన్ని తగిలించడం. 'ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తాను' అని ముందే అనుకున్నవాళ్లు ఆ పని చేసే అవకాశం ఎక్కువని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990ల్లో చూపించారు. 'రోజూ మాత్ర వేసుకోవాలి' అనేదానికంటే 'టిఫిన్ పళ్లెం కడగ్గానే మాత్ర' అనేది నిలుస్తుంది.

కుళాయి నీళ్లు ఒక టైముకు వచ్చే కాలనీల్లో ఆ టైమే ఇంటికి అలారం. బిందెలు నిండేలోగా మొక్కలు చూడటం, వాషింగ్ మెషిన్ వేయడం, పిల్లల బ్యాగులు సర్దించడం, వీటిలో ఏది తగిలించినా రోజూ జరిగి తీరుతుంది. పెద్ద పనులకు ఇది చాలదు. పది నిమిషాల లోపు పనులకే పెట్టుకోండి. ఒకదానికి ఒకటే తగిలించండి, మూడు తగిలిస్తే మూడూ ఊడతాయి.

## ఇంతకీ మీరు ఎవరు?

షిఫ్టు ఉద్యోగులు. పొద్దున ఆరింటి ఏ షిఫ్టు, మధ్యాహ్నం రెండింటి బీ షిఫ్టు, రాత్రి పదింటి సీ షిఫ్టు. వీటి మధ్య తిరిగే మనిషికి 'రోజూ ఉదయం ఏడింటికి' అనే మాటకు అర్థం లేదు. ఆ ఏడింటికి ఒక వారం డ్యూటీలో ఉంటాడు, ఇంకో వారం నిద్రకు సిద్ధమవుతుంటాడు. అందుకని గడియారంతో సంబంధం లేని తగిలింపు పద్ధతే మీకు సరైనది. 'డ్యూటీ దిగి స్నానం చేయగానే', 'లేచి టీ తాగగానే' అని పెట్టుకోండి. బ్యాంకు, స్కూలు, ప్రభుత్వ ఆఫీసు పనులన్నీ బీ షిఫ్టు వారానికి దాచండి, పొద్దున పూట ఖాళీ దొరికేది అప్పుడే. సీ షిఫ్టు వారంలో చిట్టా రాయొద్దు. ఆ వారం పని ఒక్కటే, పగటి నిద్ర. కిటికీకి ముదురు పరదా వేయడం, ఇంట్లోవాళ్లకు చెప్పి కాలింగ్ బెల్ కట్టేయడం, వీటి ముందు ఏ టైం పద్ధతీ నిలబడదు.

ఇల్లు నడిపేవాళ్లు. మూడు పనుల చిట్టా, దిక్కుల కాగితం చాలు. అయితే ఒక నిజం చెప్పాలి. చాలా ఇళ్లలో సమస్య పద్ధతి లేకపోవడం కాదు, గ్యాస్ బుకింగ్ దగ్గర నుంచి పిల్లాడి టీకా దాకా అన్నీ ఒక్కరి బుర్రలోనే ఉండటం. 'ఏం చేయాలో చెప్పు, చేస్తాను' అనే భర్త సాయం చేస్తున్నాననే అనుకుంటాడు గానీ, గుర్తుపెట్టుకునే బరువు అలాగే ఆవిడ నెత్తిన ఉంటుంది. చిట్టా ఫ్రిజ్ తలుపు మీద అంటించి, కొన్ని పనుల్ని మొదటి నుంచి చివరి దాకా ఇంకొకరికి అప్పగించేయాలి. కరెంటు బిల్లు ఆయనదైతే, గడువు గుర్తుపెట్టుకోవడమూ ఆయనదే. ఇది కుదరని ఇంట్లో పై ఆరింటిలో ఏది వాడినా ఆవిడ ఇంకొంచెం చకచకా అలిసిపోతుంది, అంతే తేడా.

ఐటీ, ఆఫీసు ఉద్యోగులు. పొద్దున పూట ఒక రెండు గంటల వరకే పట్టిక గీసుకోండి, మిగతా రోజుకు చిట్టా.

పరీక్షలకు చదివేవాళ్లు. టైమర్. కోచింగ్ క్లాసు రోజున తక్కువ విడతలు పెట్టుకోండి, ఆదివారం ఎక్కువ.

కొట్టు, టిఫిన్ సెంటర్, సొంత వ్యాపారం. బేరం తగ్గే గంట మీకు బాగా తెలుసు. ఆ ఒక్క గంటకు ముందు రాత్రి మూడు పనులు రాసిపెట్టుకోండి: సరుకు ఆర్డరు, బాకీల ఫోన్లు, జీఎస్‌టీ బిల్లులు. గంటల పట్టిక వద్దు.

రిటైరైనవాళ్లు. మీకు తక్కువైంది టైం కాదు. రోజుకు ఒక ఆకారం కావాలి, అంతే. పొద్దున నడకకు ఒకటి, మధ్యాహ్నం కునుకుకు ఒకటి తగిలించుకుంటే సరిపోతుంది.

## కాగితమా, ఫోనా

తేదీ ఉన్నవి ఫోన్‌లో, తేదీ లేనివి కాగితం మీద. ఇన్సూరెన్సు రెన్యువల్, డాక్టరు అపాయింట్‌మెంట్ లాంటివాటికి ఫోన్ మోగితేనే మంచిది. రోజు చిట్టాకు మాత్రం కాగితమే మేలు, తీసినప్పుడు దానిలో ఇంకేమీ కనబడదు కాబట్టి.

గోడ క్యాలెండర్‌ను తక్కువగా చూడకండి. తిథి పక్కన పాల లెక్క, మధ్యలో గ్యాస్ వచ్చిన తేదీ, కింద పనమ్మాయి సెలవులు, పెన్సిల్‌తో పెళ్లి ముహూర్తం, అన్నీ ఇంటిల్లిపాదికీ కనబడేలా ఒక్కచోట ఉంటాయి. ఇంట్లో నలుగురు ఒకేసారి చూడగలిగే యాప్ ఇంకా అంత తేలిగ్గా లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. ముఖ్యమైన నంబర్లు, గడువులు ఒక కాగితం మీద కూడా ఉండాలని ఈ ఊరివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

## రెండు కలిపి వాడొచ్చా?

రెండు దాకా పర్వాలేదు, మూడోది వద్దు. చిట్టా ఎవరికైనా కలుస్తుంది: చిట్టా, టైమర్ కలిస్తే విద్యార్థికి, చిట్టా, దిక్కుల కాగితం కలిస్తే ఇంటికి, చిట్టా, రెండు గంటల పట్టిక కలిస్తే ఆఫీసుకు. పట్టికా టైమరూ కలపడం మాత్రం నాకు నచ్చదు. రెండూ గడియారాన్నే చూడమంటాయి, మనిషి పని మానేసి గడియారమే చూస్తాడు.

మొదలుపెట్టేవాళ్లు ఒక నెల ఒక్కటే వాడండి. నెల మధ్యలో మార్చాలనిపిస్తే, పద్ధతి నచ్చలేదా, చిట్టాలో రాసిన పనే నచ్చలేదా అని ఒకసారి చూసుకోండి. రెండోదైతే ఏ పద్ధతికి మారినా ఆ పని అక్కడే ఉంటుంది. దాన్ని ఎవరికైనా అప్పగించడమో, కొట్టేయడమో చేయండి. మూడు వారాలుగా కిందికి జారుతూ వస్తున్న లైను ఏదైనా ఉంటే దాన్ని నాలుగో వారం చిట్టాలోకి ఎక్కించొద్దు.